వంటింటి వైపు దానిమ్మలు

"నీకేంలే, కూర్చుని చేసే పని" అన్నాడు మా ఆయన ఎల్కానా. అప్పుడు నేను నిలబడి చేప పొలుసు గీస్తున్నాను. కూర్చుని కాఫీ తాగుతున్నది అతను. సుక్కోత్ పండగకి పెరట్లో పందిరి వేసుకుని వారమంతా అందులోనే తింటాం; ఆ మొదటి రాత్రి భోజనానికి అజ్రియేల్‌గారిని పిలిచానని చెప్పడానికి వంటింట్లోకి వచ్చాడు. యెరూషలేములో పరదాలూ బల్లగుడ్డలూ అమ్మే పెద్ద కొట్టు ఆయనది. మా పందిట్లో కట్టే గుడ్డ నచ్చితే ఆ నమూనాలో ఏడాదంతా కుట్టిస్తారట.

"నమూనా ఎవరిదని చెప్పావు?"

"గీసేది నేను, కుట్టేది నువ్వు అన్నాను. బేరంలో అలాగే చెప్పాలి. నీ పేరు చెప్తే ఆడవాళ్ల కాలక్షేపం అనుకుంటారు."

ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను గీసింది సిగరెట్టుకు అగ్గిపుల్ల ఒక్కటే. మొన్న చలికాలంలో పిల్లని బడిలో దింపి కొండదారిన వస్తుంటే ఒక అడవి మొక్క కనిపించింది. అటు మూడు కొమ్మలు, ఇటు మూడు, నడుమ ఒకటి. మన పాతకాలపు గుడిలో వెలిగిన ఏడు కొమ్మల దీపం మట్టిలోంచి మొలిచినట్టే ఉంది. అక్కడే బండ మీద కూర్చుని రొట్టెల సంచీ మీద గీసుకున్నాను. తర్వాత దాని చుట్టూ దానిమ్మలు, ద్రాక్ష తీగ, బాదం పూత చేర్చాను. పప్పు ఉడికేలోపు కాస్త, పిల్ల నిద్రపోయాక కాస్త, గొలుసుకుట్టుతో నింపుకుంటూ వచ్చాను. ఎల్కానా దాన్ని చూసి "మరకలు పడకుండా చూడు" అన్నాడు, అంతే.

మా పెరటి పందిరికి మూడు వైపులా చెక్కలు. నాలుగో వైపు, వంటింటి ఎదురుగా, ప్రతి ఏడూ నా గుడ్డే గోడ. బొమ్మ లోపలికి ఉంటుంది, తినేవాళ్లు చూడాలి కదా. పళ్లేలు పట్టుకుని తిరిగే నాకు వెనకవైపు ముడులే కనిపిస్తాయి. నిరుడు మా అత్తగారు అప్పటి గుడ్డ పక్కన కూర్చుని, "మావాడి బుర్రే బుర్ర, కోడలు కూడా చెప్పింది చెప్పినట్టు కుడుతుంది" అంటే బంధువులంతా తలలూపారు. నేను క్యాబేజీ చుట్టలు వడ్డిస్తూ నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇప్పటికీ నామీద నాకే కోపం.

సాయంత్రం ఎల్కానా తలస్నానం చేసి, "గుడ్డ కట్టెయ్, ఆలస్యం చెయ్యకు" అని చెప్పి ప్రార్థనకి వెళ్లిపోయాడు. కట్టాను. బొమ్మ వంటింటి వైపుకి తిప్పి, నాలుగు మూలలా గట్టి ముడులు వేసి కట్టాను. తర్వాత దీపాలు వెలిగించాను.

చీకటి పడ్డాక ఎల్కానా, అత్తగారు, అజ్రియేల్‌గారు వచ్చి పందిట్లో భోజనానికి కూర్చున్నారు. అజ్రియేల్‌గారు చేప తింటున్నంతసేపూ ఆ ముడుల్నీ తెగిన దారాల్నీ చూసి, పళ్లెం ఖాళీ అయ్యాక, "ఇదేనా మీరు గీసింది?" అన్నారు. ఎల్కానా ముఖం కందగడ్డయింది. వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి, "విప్పి తిప్పికట్టు" అన్నాడు.

"పండగ వచ్చేసింది. ముడి విప్పకూడదు, అలంకారం కదపకూడదు. పండగ వెళ్లేదాకా ఇంతే. నీకు తెలియందా?"

అత్తగారు పందిట్లోంచే, "నిజమేరా, ముట్టుకోకు" అంది, పాపం అలవాటుగా.

"మరి బొమ్మ చూడ్డం ఎలాగమ్మా?" అని అడిగారు అజ్రియేల్‌గారు.

"వంటింట్లోంచి బాగా కనిపిస్తుందండీ. గీసింది నేనే, ఏ కొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. రండి. వచ్చేటప్పుడు ఆ ఎంగిలి పళ్లేలు కూడా పట్టుకురండి."