రికెటీ కుర్చీల గది

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, కూతురు పిచ్చుక ఎప్పటికీ నడవదేమోనని. ఏడాదిన్నర నిండినా, నిలబెడితే కూలబడుతోంది. కాళ్లు విల్లుల్లా వంగి ఉన్నాయి.

పాత సామాన్ల కొట్టులో, కిటికీ లేని వెనకగదిలో ఆమె పని. వచ్చిన ప్రతి కుర్చీనీ నాపరాయి మీద పెట్టి నాలుగు మూలలా అరచేత్తో నొక్కాలి. ఊగితే ‘రికెటీ’ అని ఇంగ్లీషులో రాసి, ఆ చీటీ కట్టి వడ్రంగి తాత ముందుకు తొయ్యాలి. చదువు ఆరో తరగతిలో ఆగిపోయింది కనుక ఆ అక్షరాలను బొమ్మ గీసినట్టు చూసి రాస్తుంది. పిల్ల పొద్దుట్నుంచి చీకటిపడేదాకా పక్కనే, చిరిగిన సోఫా పరుపు మీద.

ఆ రోజు తాత జిగురు కలుపుతూ, పిల్ల ఏడుపు ఆగకపోయేసరికి లేచి దుప్పటి తీశాడు. కాళ్లకు రెండువైపులా చెక్కబద్దలు, వాటి చుట్టూ బిగించిన గుడ్డపీలికలు. విరిగిన కుర్చీకాలికి ఆయన వేసే కట్టే.

“ఎవరే కట్టింది?”

“నేనే తాతా. నీ కుర్చీలు ఇలాగేగా నిటారుగా అయ్యేది...”

“ఓసి పిచ్చిమొహమా! కుర్చీ అంటే నొప్పెట్టినా నోరెత్తదు. పసిదాన్ని బిగిస్తావా?”

కట్లు విప్పుతూ గొంతు తగ్గించాడు. “నువ్వు రోజూ రాసే మాట కుర్చీల కోసం పుట్టింది కాదమ్మా. రికెట్స్ అని పిల్లల జబ్బు. ఎండ తగలక ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతాయి. ఆ పిల్లల్ని అన్న మాటే తర్వాత ఊగిపోయే సామాన్లకీ అంటుకుంది. కుర్చీ బాగుచేయించుకోడానికొచ్చి ఒక మేష్టారు చెప్పారు. ఆ జబ్బుకి ఆ పేరెలా వచ్చిందో మాత్రం ఆయనకీ తెలీదట.”

ఆమె చేతిలోని చీటీల కట్టను కింద పెట్టేసింది. వేలసార్లు రాసింది ఆ మాటను, పక్కనే పిల్లను పడుకోబెట్టుకుని.

మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల మణికట్లు నొక్కి చూసింది. “మందిస్తాను, కాళ్లు చాలావరకు సర్దుకుంటాయి. కానీ రోజూ ఎండ తగలాలి.”

ఆమె కొట్టుకి తిరిగొచ్చి, ఎండ తగిలేలా వాకిట్లో పిల్లను ఉంచుకుంటానని యజమానిని అడిగింది.

“గుమ్మంలో పక్క పరిస్తే బేరాలేం వస్తాయమ్మా? ఇది కొట్టా, పురిటిగదా?” అన్నాడు, నవ్వుతూనే.

ఆమె పిల్లను ఎత్తుకుంది.

“వెళ్లు,” అన్నాడు తాత. “కుర్చీలు నేను నొక్కుకుంటాలే.”

ఇప్పుడామె ఆరుబయట ఇటుకలు మోస్తోంది. పిచ్చుక గోడ పట్టుకుని నిలబడుతోంది, నడక ఇంకా రాలేదు. నిన్న ఆ కొట్టు ముందునుంచి పోతుంటే లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. కొత్తగా చేరిన అమ్మాయి బిడ్డట, మూడు నెలలదట. తాత పోయి నెలైందట. ఇక ఆ అమ్మాయికి ఎండ సంగతి చెప్పేవాళ్లు లేరు. ఆమె లోపలికి వెళ్లబోతే యజమాని గుమ్మంలోనే ఆపేశాడు.

కుర్చీ బేరమాడే వంకతోనైనా సరే, మీరెవరైనా ఆ వెనకగదిలోకి వెళ్లి ఆ బిడ్డను ఒక్కసారి చూసి రండి.