దగ్గు బిళ్ళ

వంటింటి అల్మరా తలుపు తీస్తే తేనె సీసా మీద పడుతుంది. నెలకి రెండుసార్లయినా పడుతుంది. లోపల అలాంటివి ఇంకా పదకొండున్నాయి. వాటి పక్కన మిరియాల పొట్లాలు, దగ్గు బిళ్ళల డబ్బాలు. డబ్బాలే ఎందుకో కాస్త తగ్గుతున్నాయి. టీపొడి పెట్టుకోవడానికి మాత్రం చోటు లేదు. ఆదివారం పొద్దున్న ఐదింటికి, పాదం మీద పడిన సీసాని మళ్ళీ లోపలికి తోసి, కృపాదానం లంచ్ బ్యాగ్ తీసుకుని పనికి బయల్దేరాడు.

ఆ తేనె అంతా ఒక అబద్ధానికి వచ్చిన కానుక.

కూతురు హోప్‌కి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పటి నుంచి వినపడదు. ఆ సంగతి బడికి తెలుసు, డాక్టర్లకి తెలుసు, బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న మధుమితకి తెలుసు. చర్చికొచ్చే తెలుగు సంఘంలో ఎవరికీ తెలియదని కృపాదానం నమ్మకం. నెలలో మొదటి ఆదివారం పిల్లలు వేదికెక్కి కంఠతా పట్టిన బైబిల్ వాక్యం చెప్పాలి. హోప్ వంతు వచ్చినప్పుడల్లా అతను లేచి, తన గొంతు పట్టుకుని చూపిస్తూ, "పాపకి గొంతు బాలేదండి" అంటాడు. మూడేళ్ళుగా బాలేదు. సంఘం మొదట ప్రార్థన చేసింది. తర్వాత తేనె తేవడం మొదలుపెట్టింది.

వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో అతని పని ట్రక్కుల్ని వెనక్కి రప్పించి సరుకు దించే డాక్‌కి ఆనించడం. బంధువులకి లాజిస్టిక్స్ అని చెప్పాడు. అక్కడి రొదకి అందరూ చెవుల్లో స్పాంజ్ ముక్కలు పెట్టుకుంటారు కాబట్టి ఎవరూ నోరు విప్పరు. అరచేతులు తనవైపు ఊపితే రమ్మని. పిడికిలి ఎత్తితే ఆగమని. చేతుల మధ్య ఎడం తగ్గిస్తూ పోతే, ఇంకా ఇంతే, ఇంకా ఇంతే అని. ఏ దేశపు డ్రైవరైనా అతని చేతుల్ని చూసి సరిగ్గా గీత మీద ఆపుతాడు. నీ చేతులు భలే మాట్లాడతాయని సూపర్‌వైజర్ ఓసారి మెచ్చుకుంటే, ఆ మాట భార్య బాలకుమారికి రెండుసార్లు చెప్పాడు.

చేతుల భాష నేర్పే సైన్ క్లాసుకి మాత్రం వెళ్ళలేదు. చేతులు అలవాటైతే పిల్లకి ఇక మాట రాదని ఎవరో అన్నారు. అన్నదెవరో గుర్తులేదు కానీ మాట గట్టిగా గుర్తుంది. బాలకుమారి నాలుగు క్లాసులకి వెళ్ళింది. వృద్ధుల హోమ్‌లో షిఫ్టులు పెరిగాక మానేసింది. అన్నం, స్నానం, నిద్ర వరకు ఆమెకి వచ్చు. మిగతా లోకమంతా హోప్ మధుమితకే చెప్పుకుంటుంది. కరీంనగర్ నుంచి కాలేజీకి వచ్చిన ఆ అమ్మాయి, పార్ట్‌టైమ్ పని దొరకని మొదటి చలికాలంలో హోప్ దగ్గర కూర్చుని సైన్ నేర్చేసుకుంది.

బ్రేక్‌లో బ్యాగ్ తెరిస్తే పెరుగన్నం పక్కన దగ్గు బిళ్ళ ఉంది. ఏడాదిగా రోజూ ఒకటి ఉంటోంది. దుమ్ములో పనిచేస్తున్నానని బాలకుమారి పెడుతోంది కాబోలనుకుని, రోజూ లాగే లాకర్‌లో పడేశాడు.

ఆరాధన మూడింటికి, అద్దెకి తీసుకున్న స్కూల్ జిమ్‌లో. ఆ ఏడాది కాలేజీ చదువులకి కొత్తగా దిగిన కుర్రకారుతో కుర్చీలు చాలడం లేదు. వాళ్ళలో సగం మంది బిర్యానీ మూత తీసే వేళకి వస్తున్నారని పాస్టర్ గారు కనిపెట్టి, పిల్లల వాక్యాల్ని బిర్యానీకి సరిగ్గా ముందు పెట్టారు. అంచేత జిమ్ నిండుగా ఉంది.

బాలకుమారికి ఆ రోజు షిఫ్టు. మధుమిత ముందు వరుసలో కూర్చుంది. ఆమెకి ఎక్కడో దూరాన ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది, సాయంత్రం ఫ్లైటు. ఆమె తల ఊపగానే, ఎవరూ పిలవకుండానే హోప్ వేదికెక్కింది. రెండు చేతులూ గుండెల దాకా ఎత్తి మొదలుపెట్టింది. వేళ్ళు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి. రెండు నెలలు బేస్‌మెంట్‌లో నేర్చుకున్న వాక్యం అది. జిమ్‌లో చప్పుడు లేదు.

కృపాదానం లేచాడు.

"పాపకి గొంతు బాలేదండి."

చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్ళింది. హోప్ ఆ చేతిని చూసింది. వాక్యం సగంలో ఆపేసి, మెట్లు దిగి వచ్చేసింది.

పక్కన కూర్చున్న సూర్యకుమారి ఆంటీ అతని వైపు వంగింది. "బాగానే చెప్తోందిగా కృపాదానం. దానికి గొంతుతో పనేముందయ్యా?" అంది. తెచ్చిన తేనె సీసాని కాసేపు ఒళ్ళో పెట్టుకుని, చివరికి ఇచ్చేసింది. అతను తీసుకున్నాడు. థాంక్స్ కూడా చెప్పాడు.

ఇంటికొచ్చాక మధుమిత రెండు సూట్‌కేసులు వాకిట్లోకి తెచ్చింది. ఊబర్ నాలుగు నిమిషాల్లో వస్తుంది.

"ఏమనుకోకమ్మా," అన్నాడు. "అంతమంది ముందు, పిల్లని చూసి ఎవరైనా నవ్వుతారేమోనని..."

"నాకెందుకు చెప్తరు అంకుల్. పాపకు చెప్పుండ్రి."

హోప్ వచ్చి మధుమిత చెయ్యి లాగి, గబగబా ఏదో చెప్పింది. మధుమిత సూట్‌కేసు జిప్పు చూసుకుంది.

"ఏమంటోంది?"

"వద్దులే అంకుల్."

"చెప్పమ్మా."

"నాన్న గొంతు నొప్పి ఎప్పుడు తక్కువైతది అని అడుగుతుంది."

"నా గొంతా?"

"మీరే గదా పట్టుకొని చూపిస్తరు. అందరు తేనె తెచ్చి మీ చేతికే ఇస్తరు. నాన్నకు నొప్పి, అందుకే నాతోని మాట్లాడడు అనుకుంటుంది. రోజు మీ బ్యాగ్‌ల బిళ్ళ పెడ్తది గదా, చప్పరిస్తలేరా?"

కృపాదానం బూట్లకేసి చూశాడు. "కాదని నువ్వు చెప్పలేదా?"

"అసలు సంగతి చెప్తే ఇంకా బాధపడ్తదని చెప్పలే."

కారు వచ్చింది. సూట్‌కేసులు ఎక్కించింది అతనే. వెనక సీట్లోంచి మధుమిత, వాకిట్లోంచి హోప్, కారు మలుపు తిరిగేదాకా చేతులతో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత హోప్ చేతులు దించి తండ్రి వైపు తిరిగింది.

అతనికి వచ్చిన మాటలు మూడు. రా, ఆగు, ఇంకా ఇంతే. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ట్రక్కుల్ని పిలిచినట్టే అరచేతులు తనవైపు ఊపాడు. హోప్ వచ్చింది. సరిగ్గా అతని ముందుకొచ్చి ఆగి, కోటు జేబులోంచి బిళ్ళ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది.

ఇక్కడిదాకా చదివిన మీలో ఎవరికైనా చేతుల భాష వస్తే దయచేసి చెప్పండి. నా గొంతుకి ఏ జబ్బూ లేదు, నీకు వినపడదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను అని ఎనిమిదేళ్ళ పిల్లకి చేతులతో ఎలా చెప్పాలి? ముందు నిజం చెప్పాలా, ముందు బిళ్ళ నోట్లో వేసుకోవాలా? లాకర్‌లో పోగైన ఏడాది బిళ్ళల్ని ఏం చెయ్యాలి? కాస్త తొందరగా చెప్పండి. పిల్ల ఎదురుగా నిలబడి అతని గొంతుకేసే చూస్తోంది. పసుపు కాగితం చుట్టిన బిళ్ళ అతని గ్లవ్ మీద అలాగే ఉంది.