కోటిలింగం మాస్టారి చుక్కల పలక

నేను ఒక పలకను. పలక అనగానే మీకు బలపం గుర్తొస్తుంది. నా దగ్గర బలపానికి పని లేదు. నాది అల్యూమినియం ఒళ్ళు. జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, పుస్తకంలా తెరుచుకుని మూసుకునే రెండు రేకులు. పై రేకు నిండా చిన్న చిన్న కిటికీలు, కింది రేకులో ఒక్కో కిటికీకి ఆరేసి గుంటలు. మధ్యలో దళసరి కాగితం పెట్టి, కర్రపిడి ఉన్న మొద్దుసూదితో పొడుస్తూ పోతే కాగితం అవతలి వైపు చుక్కలు లేస్తాయి. ఆ చుక్కల్ని వేలితో చదువుతారు. చూపు లేనివాళ్ళ రాత అది. జాలి పడబోతున్నారేమో, కాస్త ఆగండి. జాలిని నేను బాగా ఎరుగుదును. దానివల్ల ఒక్క అక్షరం పుట్టగా ఎరగను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కార్ఖానాలో అచ్చు కింద నలిగి పుట్టాను. వరిగడ్డి పరిచిన పెట్టెలో రైలెక్కి, పడవెక్కి, కోనసీమలో కాలువ గట్టు మీదున్న అంధుల బడికి చేరాను. పెట్టె విప్పిన బంట్రోతు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇయ్యేంటండీ, జంతికల గొట్టంలో బిళ్ళలా?" అంటూ వంటావిడకి ఇచ్చేశాడు. ఆవిడా చూసి, సందేహం లేకుండా గూట్లో పెట్టింది. కళ్ళున్నవాళ్ళిద్దరికీ నేనేమిటో అంతుపట్టలేదు. సాయంత్రం ఒకాయన తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి, గూట్లో చెయ్యి పెట్టి, నా మీద రెండు వేళ్ళు ఆనించి, "వచ్చేవా!" అన్నాడు. మేనల్లుణ్ణి పలకరించినట్టుంది ఆ మాట. ఆయనే కోటిలింగం మాస్టారు.

మాస్టారికి తొమ్మిదో ఏట మశూచి వచ్చి చూపు పోయింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకి వినపడేది. నశ్యం అలవాటు. ఆ పొడి నా గుంటల్లో పడితే కొబ్బరి ఈనెతో ఒక్కొక్క గుంటా శుభ్రం చేసేవాడు. ఆయన భుజం సంచిలో పదేళ్ళు తిరిగి, పిల్లల వేళ్ళ కింద కొన్ని లక్షల చుక్కలు వేశాక మా బడిలోకి వరహాలు వచ్చింది.

ఎనిమిదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి కొబ్బరిపీచు తాళ్ళు పేనేవాడు. గుమ్మంలో నిలబడి, "ఏవో నాలుగు భజన పాటలు నేర్పండి బాబూ. ఎక్కడో ఓ చోట కూకుని పాడుకుంటది," అన్నాడు.

"పాటలు ఇష్టమా అమ్మడూ?" అని అడిగాడు మాస్టారు.

"కాదు," అంది వరహాలు.

"మరేం ఇష్టం?"

"ఏమో. పాటలు మాత్రం కాదు."

మాస్టారు పకపకా నవ్వి నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టాడు. మొదటి రోజే మొద్దుసూది జారి ఆమె బొటనవేలు కమిలింది. ఏడవలేదు. నన్ను కిటికీలోంచి కాలువ బురదలోకి విసిరేసింది. మాస్టారు ఎవర్నీ పిలవకుండా తానే పంచె ఎగ్గట్టి దిగి, బురదంతా వెతికి, నన్ను కడిగి తెచ్చి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు. "మళ్ళీ విసురు, మళ్ళీ తెస్తాను. నువ్వు ముందు అలిసిపోతావో, నేను అలిసిపోతానో చూద్దాం," అన్నాడు. ఆమె మళ్ళీ విసరలేదు. నెల తిరిగేసరికి తన పేరు రాసుకుంది. ఆ తర్వాత తండ్రి పేరు రాసి, ఆయన వచ్చినప్పుడు ఆ కాగితం చేతిలో పెట్టింది. ఆయన చదవలేకపోయాడు గానీ మడతపెట్టి జేబులో దాచుకున్నాడు.

మా బడిలో ఒక ఏర్పాటు ఉండేది. ఏడో తరగతి దాటాక పిల్లలకి లెక్కలు ఉండవు. వాటి బదులు సంగీతం, కుర్చీలు అల్లడం. ఎనిమిదిలోకి వచ్చిన వరహాలు, "నాకు లెక్కలే కావాలండి," అంది. బడి నడిపే సూపర్నెంటు గారు చెడ్డవాడు కాదు, పిల్లలకి పండక్కి సొంత ఖర్చుతో లడ్లు పంచేవాడు. అంత మంచితనంతోనే అన్నాడు: "గుడ్డిపిల్లకి రేఖాగణితం ఏంటి మాస్టారూ? గీతే కనపడందే త్రిభుజం ఏం కనపడుద్ది? దాన్ని కష్టపెట్టకండి."

"దానికి కష్టంగా ఉందని మీతో చెప్పిందాండీ?" అన్నాడు మాస్టారు.

మర్నాడు వరహాలు తండ్రి దగ్గర్నించి రెండు మూరల పీచుతాడు తెప్పించాడు. కొబ్బరిపీచు చాప మీద మేకులు గుచ్చి, తాడు లాగి కట్టి, ఆమె వేళ్ళు దాని మీద నడిపించాడు. "ఇది భుజం. ఇది భూమి. ఈ మూల పట్టుకో. ఇదే కోణం." ఆమె ఆ మధ్యాహ్నమంతా తాడు విప్పి కట్టి, విప్పి కట్టి, అన్నానికి కూడా లేవలేదు.

తాడు సరే, పుస్తకం ఏది? చుక్కల్లో లెక్కల పుస్తకం ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే తయారుచేద్దామనుకున్నాడు మాస్టారు. ఆయన భార్య సీతారత్నమ్మ గారు అయిదో తరగతి చదివింది. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అరుగు మీద కూర్చుని అచ్చు లెక్కల పుస్తకం పైకి చదివేది. ఆయన నా మీద పొడిచేవాడు. గుర్తులు వచ్చినచోట ఆవిడ తడబడేది. "ఇక్కడేదో తలుపు గడియలా ఉందండి, దాని కింద పదహారు." "అది వర్గమూలం. రాశాను, పద." "ఇదేదో బోర్లా పడుకున్న ఎనిమిదండి." "అది అనంతం. దాని జోలికి మనం ఇంకా వెళ్ళం." పదకొండు నెలలు పట్టింది. మొద్దుసూది పిడి రెండుసార్లు మార్చారు. నా కీలు వదులైంది. మాస్టారి అరచేతిలో రూపాయి బిళ్ళంత కాయ కాసింది. ఆఖరి పేజీ అయ్యాక సీతారత్నమ్మ గారు, "నాకిప్పుడు పదో తరగతి లెక్కలు వచ్చేసినట్టేనా?" అని అడిగింది. "నీకు వచ్చేశాయి. నాకే ఓ రెండు చోట్ల అనుమానం," అన్నాడు ఆయన.

పదో తరగతి పరీక్ష దరఖాస్తుల్లో వరహాలుది లెక్కలతో పంపడానికి సూపర్నెంటు గారు ఒప్పుకోలేదు. "పై వాళ్ళు తిప్పి పంపుతారు. బడికి చెడ్డపేరు," అన్నాడు. "అయితే పై వాళ్ళ దగ్గరికే పోతాం," అని మాస్టారు వరహాలుని తీసుకుని బస్సెక్కి పట్నంలో పరీక్షల ఆఫీసుకి వెళ్ళాడు. సంచిలో నేనూ ఉన్నాను. రెండు రోజులు వరండాలో కూర్చోబెట్టారు. మూడోరోజు, వీళ్ళు లేవరని తేలాక, ఆఫీసరు లోపలికి పిలిచాడు.

"ఏమ్మా, ఎవరో బట్టీ పట్టించుంటారు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు ఇరవై, ఇరవయ్యొకటి. కర్ణం ఎంత?"

వరహాలు నన్ను ఒళ్ళో పెట్టుకుని కాగితం బిగించింది. నాలుగు వరసలు పొడిచింది. "ఇరవైతొమ్మిదండి."

ఆఫీసరు కుర్చీ కిర్రుమంది. "ఊఁ. లెక్క సరే. అసలు లంబకోణం అంటే నీకేం తెలుసమ్మా? చూడలేవు కదా."

వరహాలు లేచి నిలబడింది. "మీ టేబిలు మూల ఎక్కడుందండి?" అని తడుముకుంటూ వచ్చింది. మూలనించి ఒక అంచు వెంబడి నన్ను మూడుసార్లు పెట్టి కొలిచి, అక్కడ మాస్టారి వేలు ఆనించింది. రెండో అంచు వెంబడి నాలుగుసార్లు కొలిచి, అక్కడ ఆఫీసు బంట్రోతుని పిలిచి వేలు ఆనించమంది. తర్వాత ఒక వేలినించి రెండో వేలికి అడ్డంగా నాతో కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదు పలకలు దాటి ఇంకా రెండు వేళ్ళు మిగిలింది.

"సరిగ్గా అయిదు రావాలండి," అంది వరహాలు. "మీ టేబిలు మూల తిన్నగా లేదు. వడ్రంగిని పిలిపించండి."

బంట్రోతు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేను టేబిలు మీద బోర్లా ఉన్నాను గనక ఆఫీసరు మొహం ఎలా ఉందో చెప్పలేను. కలం మూత తీసిన చప్పుడు మాత్రం విన్నాను.

ఆ ఏడు పదో తరగతి పరీక్షలో లెక్కల్లో వరహాలుకి డెబ్భైయొకటి వచ్చాయి. మాస్టారు నశ్యం డబ్బా మొత్తం ఆ పూటే ఖాళీ చేశాడు. కాలేజీలో చేరడానికి వెళ్ళే రోజు నన్ను ఆమె చేతిలో పెట్టి, "ఇది నీది. జాగ్రత్తగా వాడుకోమని చెప్పను, బాగా వాడు," అన్నాడు.

ఆ తర్వాత నా కాపరం వరహాలుతో. డిగ్రీ అయింది, టీచరు ట్రైనింగు అయింది. లెక్కల టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. "నల్లబల్ల మీద ఎలా రాస్తావమ్మా?" అని అడిగాడు ఒకాయన.

"రాసేవాళ్ళు క్లాసులో నలభైమంది ఉంటారండి. నేను చెప్తాను, వాళ్ళు రాస్తారు. రాసినోళ్ళకే కదండీ లెక్కొచ్చేది."

జవాబు బాగుందని ముగ్గురూ మెచ్చుకున్నారు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. మనుషులకి ఈ రెండు పనులూ ఒకేసారి ఎలా చేతనవుతాయో నాకిప్పటికీ తెలియదు. వరహాలు కోర్టుకి వెళ్ళింది. అర్జీ చిత్తు ముందు నా మీదే రాసుకుంది. కేసు నడుస్తుండగానే కబురొచ్చింది, మాస్టారు పోయాడని.

వెళ్ళేసరికి అంతా అయిపోయింది. సీతారత్నమ్మ గారు మూడు కట్టలు తెచ్చి వరహాలు ఒళ్ళో పెట్టింది. ఆ లెక్కల పుస్తకం. "ఆఖరి రోజుల్లో వేళ్ళు మొద్దుబారిపోయి చదవలేకపోయేరమ్మా. అయినా తడుముతానే ఉన్నారు," అంది. వరహాలు ఒక పేజీ మీద వేళ్ళు పెట్టింది. చుక్కలు చాలాచోట్ల అణిగిపోయాయి. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కాగితం మీద పడుతుంటే, సీతారత్నమ్మ గారు కట్ట పక్కకి లాగింది. "తడపకే. మెత్తబడితే చుక్కలు పోతాయి. ఆయన తిడతారు." వరహాలు వెక్కుతూనే నవ్వింది. ఆ రాత్రే బస్సెక్కి కోర్టు వాయిదాకి వెళ్ళింది.

రెండేళ్ళకి తీర్పు వచ్చింది. ఏటి మధ్య లంకల్లో ఒక హైస్కూల్లో, కళ్ళున్న పిల్లలకి వరహాలు లెక్కల టీచరైంది. మొదటివారం పిల్లలు ఆమె ముందు మూగసైగలు చేసుకుని నవ్వుకున్నారు. రెండోవారం, "మూడో బెంచీలో జామకాయ తింటున్నవాడు లేచి ఈ సమీకరణం బోర్డు మీద రాయాలి," అంది. అంతటితో సైగలు ఆగాయి. ఇరవైరెండేళ్ళు గడిచాయి.

ఈమధ్య మా పాత బడికి అరవై ఏళ్ళు నిండాయి. వేడుక పెట్టి, మాస్టారి వస్తువులన్నీ అద్దాల పెట్టెలో పెడతామని, నన్ను కూడా ఇమ్మని రాశారు. వరహాలు తెచ్చి ఇచ్చింది. వెల్వెట్ గుడ్డ మీద పెట్టి అద్దం మూశారు. మెత్తగానే ఉంది. కానీ వేలు తగలని చోట నాలాంటిదానికి ఊపిరాడదు. వేదిక మీద ఒక పెద్దాయన మైకు పట్టుకుని, "పాపం, చూపు లేకపోయినా కోటిలింగం గారు త్యాగమూర్తిగా బతికారు," అని మొదలుపెట్టాడు. మాస్టారు వింటే నశ్యం పొరబోయేది.

వరహాలు పక్కన కూర్చున్న పిల్లని అడిగింది. "ఏ క్లాసమ్మా?"

"తొమ్మిదండి."

"లెక్కల్లో ఎంతవరకు చెప్పేరు?"

"మాకు లెక్కలు లేవండి. మినహాయింపు ఉందంట. బదులు సంగీతం."

వరహాలు లేచింది. చేతికర్ర ఆనించుకుంటూ వేదిక పక్కకి వచ్చి, అద్దాల పెట్టె తడిమి, మూత తీసి, నన్ను బయటికి లాగింది. ఎవరో, "అమ్మా, అది మ్యూజియం సామానండి," అన్నారు.

"ఎవరి సామానో మాస్టారు నాతో చెప్పే ఇచ్చేరండి," అంది వరహాలు. "ఆయన ఫొటోకి దండేసి ఆయన చెప్పిన పాఠం మానేశారా? మినహాయింపు అంటే ఏంటో తెలుసా మీకు? నీకు రాదులే అని ముందే చెప్పెయ్యడం. దాని మీద సంతకం పెట్టడానికి ఆయన బతికుండగా ఒప్పుకోలేదు. పోయాక కూడా ఒప్పుకోరు. నేనున్నాను. ఆదివారం ఆదివారం వస్తాను. తలుపు తియ్యకపోతే గట్టు మీద చెప్తాను."

వెళ్ళి ఆ పిల్ల పక్కనే కూర్చుని నన్ను ఆమె ఒళ్ళో పెట్టి కాగితం బిగించింది. పెద్దాయన ఉపన్యాసం సాగుతూనే ఉంది. కింద నేను టక్ టక్‌మని మొదలుపెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే మైకు వైపునించి తలలు తిప్పారు.

ఆదివారాలు తప్పకుండా జరిగాయి. తలుపు నాలుగో ఆదివారానికి తెరిచారు. మరుసటేడు ముగ్గురు పిల్లలు లెక్కలతో పరీక్షకి దరఖాస్తు పెట్టారు. ఇద్దరు గట్టెక్కారు. రాఘవులు అనే కుర్రాడికి ఇరవైరెండే వచ్చాయి. వాడు ఫలితాల కాగితం పట్టుకుని మూల కూర్చుని, "టీచర్, పరువు తీసేశానండి. ఇంక మనవాళ్ళెవర్నీ రాయనివ్వరేమో," అని కుమిలిపోయాడు.

వరహాలు వాడి పక్కన నేల మీదే కూర్చుంది.

"కళ్ళున్నోళ్ళు ఏటా వేలమంది తప్పుతున్నార్రా. వాళ్ళని ఎవరైనా రాయొద్దన్నారా? మనల్ని ఇన్నాళ్ళూ కనీసం తప్పనైనా తప్పనివ్వలేదు. ఇప్పుడు నువ్వు తప్పేవు. సెప్టెంబర్లో మళ్ళీ రాద్దువుగానీ. కళ్ళు తుడుచుకుని కాగితం పెట్టు."

వాడు నన్ను తెరిచాడు.