రొట్టెముక్క బరువు

1987 జూన్ 14, ఆదివారం. తెల్లవారుజామున మొదలైన జల్లు ఎనిమిదింటికల్లా ఆగింది కానీ, గాలన్నది లేదు. చొక్కా ఒంటికి అతుక్కునే ఉక్క. తూకాలాయన రోజూ లేచే వేళకే లేచి, ఎడంచేత్తో గడ్డం గీసుకుని, రెండుచోట్ల కోసుకుని, ఆ కోపం భార్య మీద చూపించాడు. కుడి మణికట్టుకి నెల రోజులుగా కట్టు.

తూకాలాయన అంటే తూకం యంత్రాలు బాగుచేసే మనిషి. స్ప్రింగుని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, దాని బలమెంతో చెప్పగలిగేవాడు. ఇప్పుడన్నీ అంకెలు వెలిగే పెట్టెలొచ్చాయి. వాటిలో మీటడానికి ఏముంది నా మొహం! సరే, అది వేరే గోల.

మణికట్టు సంగతి చెప్పాలి. వాళ్ల చర్చి సంఘంలో నెలకోసారి, రెండో ఆదివారం, ప్రభురాత్రి భోజనం, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. అందరికీ ఇచ్చే రొట్టెముక్క గోరంతే. తూకాలాయన అరచేతిలో పడేసరికి మాత్రం అది బరువెక్కేది. మొదటిసారి గుప్పెడు మేకులంత. ఏడాది తిరిగేసరికి ఇనప గుండంత. పాస్టరు గారు రెండు వేళ్లతో తీసి మళ్లీ పళ్లెంలో పెడితే అది మామూలు రొట్టెముక్కే. ఇంటికొచ్చి చెప్పులిప్పుతూనే భార్యతో, "ఈసారి పద్దెనిమిది కిలోల నాలుగొందలు," అనేవాడు. ఆవిడ కూర కలుపుతూ, "పోయిన నెల పదిహేడున్నరేగా," అనేది.

మానెయ్యొచ్చుగా అంటారేమో. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టని ఆయన పంతం.

సంఘం ఏం చేసిందంటారా? పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు: ఆయన్ని చివరి వరసలో నిలబెట్టాలనీ, మోచెయ్యి ఆనించుకోడానికి ఎత్తు పీట వెయ్యాలనీ. పీట విరిగితే ఇంకోటి చేయించారు. అంత మర్యాదస్తులు. పదకొండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, ఎందుకయ్యా ఇది నీకు అని అడిగిన పాపాన పోలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకో చెబుతాను. ఆయనకో తమ్ముడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లు. తండ్రి పెట్టిన పద్ధతి ఒకటుంది: బాగుచేసిన చెయ్యి పరీక్ష చెయ్యకూడదు. అన్న బాగుచేస్తే తమ్ముడు గుండ్లు పెట్టి చూసి, తన అచ్చుతో సీసం ముద్ర కొట్టాలి. ఒకరోజు పిల్లల ఆస్పత్రి నుంచి పసిబిడ్డల్ని తూచే యంత్రం వచ్చింది. అన్న స్ప్రింగు మార్చాడు. ఆస్పత్రి మనిషి గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. తమ్ముడు గుండ్ల పెట్టె తియ్యబోతే అన్న, "నేను చూసేశాలే, కొట్టు ముద్ర," అన్నాడు. చూడలేదు. మీటి, విని, సరిపోయిందనుకున్నాడు. "నిజంగా చూశావా అన్నయ్యా?" అని తమ్ముడు ఇంకోసారి అడిగాడు. "నా మాట మీద నమ్మకం లేదురా నీకు?" అన్నాడు అన్న.

ఆ యంత్రం మూడు కిలోల పిల్లని నాలుగున్నరగా చూపించింది. బరువును బట్టి ఇచ్చే మందు ఎక్కువైంది. పిల్ల బతికింది, చెవులు పోయాయి. విచారణకొచ్చినవాళ్లు ముద్ర చూశారు. ముద్ర తమ్ముడిది. అన్న అందరి ముందూ తమ్ముడి వైపు వేలు చూపించి, "చూడకుండా కొట్టాడు వీడు," అన్నాడు. అబద్ధం కూడా కాదు, అదీ దాని దుర్మార్గం. తమ్ముడి లైసెన్సు పోయింది. పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయింది. వాడు గోదాములో బస్తాలు మోస్తూ బతికాడు.

పోయిన నెల రొట్టె నలభై దాటి మణికట్టు బెణికింది. ఈసారి విరగడం ఖాయం. చెయ్యి విరిగితే పని పోతుంది. భార్య చెప్పాపెట్టకుండా గోదాముకి వెళ్లింది.

"మీ అన్న చెయ్యి విరిగేలా ఉంది."

"విరగనీ వదినా."

"ఆ మాట అనడానికైనా రా. మొహం మీద అను."

ఆ ఆదివారం తమ్ముడు వచ్చి చివరి వరస పక్కనే నిలబడ్డాడు. తూకాలాయన ఎడంచెయ్యి చాపాడు. రొట్టె పడింది. పీట ఫట్టుమంది. మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు, అరచెయ్యి నేలకి అతుక్కుపోయింది. అప్పుడు చూశాడు తమ్ముణ్ణి.

"తమాషా చూడ్డానికొచ్చావా?"

"ఆఁ, చూడ్డానికే. ఎంతుంది?"

"అరవై రెండు."

"నువ్వు చెప్పిన తూకం నమ్మమంటావా? నమ్మానుగా ఒకసారి!"

గుడిలో పాట ఆగిపోయింది. తూకాలాయన మొహం కందగడ్డయింది. మోకాళ్ల మీదే ఉండి, సంఘం మొత్తానికీ వినబడేలా అరిచాడు. "అడిగాడు! రెండుసార్లు అడిగాడు వీడు! నేనే చూశానన్నాను! చూళ్లేదు నేను! విన్నారా? రాసుకోండి తీర్మానం పుస్తకంలో!" తర్వాత గొంతు తగ్గించి, "ప్రభువా, ఇక నావల్ల కాదు," అన్నాడు.

తమ్ముడు అన్న చొక్కా పట్టుకున్నాడు. "పదకొండేళ్లా? ఈ ఒక్క ముక్క అనడానికి పదకొండేళ్లా నీకు?" అని చెంప మీద ఒక్కటిచ్చాడు. పెద్దలు అడ్డం రాబోతే పాస్టరు గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

అన్న కొట్టించుకున్నాడు. అరచెయ్యి మాత్రం నేల మీదే ఉంది. తమ్ముడు దాన్ని కాసేపు చూశాడు. ఊపిరి బుసలు కొడుతోంది. ఏమనుకున్నాడో, గొంతుక్కూర్చుని అన్న చేతి కింద తన రెండు చేతులూ దూర్చాడు.

"మోచెయ్యి పక్కటెముకలకి ఆనించు. ఆనించవయ్యా! వేళ్లతో కాదు. ఆఁ, ఇప్పుడు నడుముతో లే."

రొట్టె బరువు తగ్గలేదు. ఇద్దరి మెడనరాలూ ఉబ్బాయి. అంగుళం అంగుళంగా లేపి, అరవై రెండు కిలోలూ అన్న నోటిదాకా తెచ్చారు. తూకాలాయన మింగాడు. ఏడుస్తూ మింగాడు. తర్వాత పళ్లెంలోంచి ఇంకో ముక్క తీసి తమ్ముడికి అందించాడు. వాడు ఇంకా తిడుతూనే తిన్నాడు.

సోమవారం పొద్దున అన్న తూనికల ఆఫీసుకి వెళ్లి జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు. ఆయన లైసెన్సు పోయింది, తమ్ముడిది తిరిగొచ్చింది. మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఈసారి తమ్ముడు యజమాని, అన్న పనివాడు. అరుచుకునేవాళ్లు. అన్న బిగించిన ప్రతి మర తమ్ముడు మూడుసార్లు పరీక్షించేవాడు, అన్న కళ్లెదుటే. అన్న కుక్కిన పేనులా చూస్తూ కూర్చునేవాడు.

ఆ పిల్ల ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లారు. తల్లి రెండుసార్లు మొహాన తలుపేసింది. మూడోసారి గుమ్మంలో నిలబెట్టి గంటసేపు కడిగేసింది. అన్నీ విన్నారు. పదకొండేళ్ల పిల్ల తల్లి పెదాలు చూస్తూ, ఒక్క మాట పోకుండా చదువుకుంది. ఆ తల్లి క్షమించానని ఎప్పుడూ అనలేదు. ఎందుకనాలి?

తూకాలాయన 1996లో పోయాడు. తమ్ముడి ఒళ్లోనే పోయాడు. ప్లీడరు వీలునామా చదివాడు. ఇల్లు భార్యకి. పనిముట్లు, గుండ్ల పెట్టె తమ్ముడికి. దుకాణం రెండు గదులూ ఆ పిల్ల పేర. తమ్ముడు నెలనెలా ఆమెకే అద్దె కట్టాలి. తమ్ముడే అన్న చేత అలా రాయించాడట.

సంఘం కోశాధికారి గొంతు సవరించుకుని, "మరి సంఘానికి?" అన్నాడు. ప్లీడరు కాగితం తిరగేశాడు. ఏమీ లేదు.

"మర్చిపోయుంటాడు పాపం," అన్నారు పాస్టరు గారు.

"మా ఆయన మర్చిపోయే రకం కాదండీ," అంది భార్య.