సబ్జెక్టు నిపుణురాలు

"ఇంట్లో మాట్లాడుకునే భాషే కదా, ఎవరు చెబితేనేం," అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటూ. శనివారం ఒంటిపూట బడే కదా, సాయంత్రం దాకా ఏం పని అని ఆయన అడిగితే, భాష టీచరు పోస్టుకు ఇంటర్వ్యూలున్నాయి, నన్నూ కూచోమన్నారు అని చెప్పిందామె. దానికి వచ్చిన జవాబది. అందులో కోపం లేదు, వెటకారం లేదు. వాన పడేలా ఉందన్నంత మామూలుగా అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మామూలు మాటకే ఆమె ఇరవై రెండేళ్ల భాష టీచరు జీవితం సరిపోయింది. పిల్లలు ఆమెను చాటుగా సున్నా టీచరంటారు. ఎవరు ఎక్కడ అక్షరం పక్కన సున్నా మరిచిపోయినా ఎర్రసిరాతో చుట్టకుండా వదలదు మరి. ఒకసారి ఆ పేరు ఇంట్లో చెబితే భర్త పడీపడీ నవ్వి, "బాగా కుదిర్చారే" అన్నాడు. అత్తగారు కూడా నవ్వారు. తనూ నవ్వింది. నవ్వకపోతే దానికి ఇంకో పేరు పెడతారు.

తోటి భాష టీచరు రిటైరై రెండేళ్లయింది. ఆ ఖాళీలోకి ముందు డ్రాయింగు మాస్టారిని పంపారు. తర్వాత లైబ్రరీ చూసుకునే ఆయన్ని పంపారు. ఇద్దరూ నెల తిరక్కుండా చేతులెత్తేశారు. "మీరే కాస్త సర్దుకోండమ్మా, కొత్తవాళ్లు వచ్చేదాకా," అన్నారు హెడ్మాస్టరు. సర్దుకోవడం ఆమెకు బాగా వచ్చిన పని. పుట్టింట్లో నేర్పారు, అత్తింట్లో పరీక్ష పెట్టారు. రెండు తరగతుల నోటుపుస్తకాలు సంచుల్లో ఇంటికి మోసుకొచ్చి, పొయ్యి మీద పాలు ఒక కంటితో, వాక్యాలు ఒక కంటితో చూసుకుంటూ దిద్దేది. జీతం మారలేదు. "ఇంటికొచ్చాక కూడా ఆ కాగితాలేనా" అన్న అత్తగారి సణుగుడు మాత్రం కొత్తగా చేరింది. ఇంత చేసినా, అదనంగా వచ్చిపడ్డ ఎనిమిదో తరగతిలో పదకొండు మంది పిల్లలు ఒక పేరా ఆగకుండా చదవలేరు. ఒక మనిషి ఇద్దరు మనుషులుగా ఎంతకాలం సాగితే అంత పలచబడుతుందని ఆమెకు తెలుసు. ఆ పలచదనం చివరికి వాళ్ల చదువులో తేలింది.

ఇంటర్వ్యూ గదిలో మూడు కుర్చీలు. మధ్యలో బడి సెక్రటరీ గారు, కుడివైపు హెడ్మాస్టరు, ఎడమవైపు ఆమె. "మీరు సబ్జెక్టు నిపుణురాలు. చివర్లో ఒక సంతకం చాలు," అన్నారు హెడ్మాస్టరు గొంతు తగ్గించి.

మొదట వచ్చినతను సెక్రటరీ గారి తోడల్లుడి కొడుకు. చదివింది కామర్సు, టీచరు ట్రైనింగు లేదు. ఆటల్లో ప్రవేశముందా, కంప్యూటరు వచ్చా అని అడిగారు. పిల్లల్ని ఎవరు చూసుకుంటారని అడగలేదు, అతనికి ఇద్దరున్నా.

తర్వాత ఒకావిడ వచ్చింది. నలభైకి దగ్గర. భాషలో ఎమ్మే, ట్రైనింగు, నాలుగేళ్ల అనుభవం, ఆ తర్వాత తొమ్మిదేళ్ల ఖాళీ. మీవారేం చేస్తారు, పిల్లల్నెవరు చూసుకుంటారు, మీ అత్తగారు ఒప్పుకున్నారా అని వరసగా అడిగారు సెక్రటరీ గారు. "తొమ్మిదేళ్లు ఖాళీగా ఉన్నారు. అన్నీ మరిచిపోయి ఉంటారు."

"ఖాళీగా లేనండీ," అందావిడ. "ఇంట్లో ఉన్నాను."

పాఠం చెప్పి చూపించడానికి ఎనిమిదో తరగతిని ఇంటికి పంపకుండా కూర్చోబెట్టారు. అతను గైడు తెరిచి ప్రశ్నలూ జవాబులూ రాయించాడు. బోర్డు మీద రాసిన ఆరు లైన్లలో ఏడు తప్పులు. వెనక బెంచీ పిల్లలు బల్లమీద తల వాల్చేశారు.

ఆవిడ పుస్తకం తెరవలేదు. బోర్డు మీద 'అక్క పిలిచింది' అని రాసి, పిలిచిందెవరు అని అడిగింది. అక్క, అన్నారందరూ విసుగ్గా. ఆవిడ మధ్యలో ఒక్క అక్షరం చేర్చింది. 'అక్కను పిలిచింది.' ఇప్పుడు?

అక్క కాదు టీచర్, ఇంకెవరో, అందొక పిల్ల. ఆ ఇంకెవరో ఎక్కడున్నారు అని ఆవిడ అడిగింది. పిల్లలు వాక్యమంతా వెతికారు. చివరికి అదే పిల్ల లేచి, "ఉంది టీచర్, కానీ రాయలేదు," అంది. నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఆవిడ 'వంటయింది' అని రాసి, ఎవరు చేశారో చెప్పమంది. దానంతటదే అయిపోయిందన్నారు వెనక బెంచీ వాళ్లు. ఇందాక తల వాల్చినవాళ్లే లేచి కూర్చుని ఆ ఖాళీలో అమ్మను, పిన్నిని, అమ్మమ్మను పెట్టి చూడ్డం మొదలెట్టారు.

సున్నా టీచరు చివరి బెంచీ పక్కన నిలబడి వింటోంది. ఇన్నేళ్లుగా ఈ విభక్తులే చెబుతోంది. ఎన్నడూ తన ఇంటికి పట్టుకెళ్లి చూసుకోలేదు. కాఫీ అయిందా? బట్టలారాయా? అమ్మకి మందులు పడ్డాయా? పొద్దున లేస్తే వినేవన్నీ ఇవే. బడికొస్తే ఎనిమిదో తరగతి సిలబసు అయిందా? అన్నీ అవుతాయి, ఆరతాయి, పడతాయి. చేసే మనిషి ఒక్క వాక్యంలోనూ లేదు. ఉంది, కానీ రాయలేదు.

గదికి తిరిగొచ్చాక రిజిస్టరు ఆమె ముందుకు జరిపారు. తోడల్లుడి కొడుకు పేరు ముందే టైపు చేసి అంటించి ఉంది. కింద ఇద్దరి సంతకాలు. ఆమె కలం తీసింది. సంతకం చోట పెట్టకుండా పక్కనున్న తెల్లటి భాగంలో రాసింది: ఈ అభ్యర్థికి అర్హత లేదు, పాఠంలో ఏడు తప్పులు చేశాడు, రెండో అభ్యర్థికి అర్హతా సామర్థ్యమూ ఉన్నాయి, కాబట్టి ఈ ఎంపికకు నేను ఒప్పుకోవడం లేదు. 'నేను' అన్న మాట దగ్గర ఆగి, దాన్ని మళ్లీ ఒకసారి ముదురుగా దిద్దింది.

సెక్రటరీ గారు చదివి కళ్లజోడు తీశారు. "మీరిలా మొండికేస్తే ఆ క్లాసులు ఎవరు చెబుతారు?"

"రెండేళ్లుగా నేనే చెబుతున్నానండీ. సోమవారం నుంచి చెప్పను. నా టైంటేబిల్లో ఉన్నవి మాత్రం ఒక్క నిమిషం తగ్గించను."

రిజిస్టరులో రాసింది చించలేరు, తనిఖీకొచ్చేవాళ్లు చదువుతారు, ఆమె సంతకం లేకుండా అతన్ని చేర్చుకోలేరు. కానీ ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టగలరు. ఇంటికి వెళ్లి చెబితే భర్త తల పట్టుకుని, సంతకం పడేసి రాక నీకెందుకీ గొడవ అన్నాడు. ఆదివారం ఆమె తన క్లాసుల నోటుపుస్తకాలు మాత్రం దిద్ది, ఎనిమిదో తరగతివి సంచిలోనే ఉంచేసింది.

సోమవారం ఎనిమిదో తరగతి గంట మోగింది. ఆమె స్టాఫ్ రూములో కూర్చుంది. పిల్లల గోల గోడ దాటి వస్తుంటే లేవబోయి, బల్ల అంచు పట్టుకుని ఆగింది. హెడ్మాస్టరు రెండుసార్లు వచ్చి బతిమాలారు, ఒకసారి బెదిరించారు. వ్యాయామం మాస్టారిని పంపారు. ఆయన పిల్లల్ని మైదానానికి తోలుకుపోయారు. రెండో వారంలో తల్లులు ఆఫీసు ముందుకొచ్చారు. ఆ రోజు 'అక్కను' పాఠం చెప్పినావిడ ఎప్పుడొస్తుందని మా పిల్లలు ఇంట్లో చంపుకుతింటున్నారు, చెప్పండి అని గుమ్మంలో నిలబడ్డారు. రిజిస్టరు చూపిస్తారా అని ఒకావిడ అడిగేసరికి హెడ్మాస్టరుకు చెమటలు పట్టాయి.

పదమూడో రోజు కొత్త కాగితం టైపైంది. సెక్రటరీ గారు ఆమె వైపు చూడకుండా సంతకం చేశారు. ఈసారి ఆమె కూడా చేసింది. మర్నాడు ఆవిడ వచ్చి చేరింది, ఎనిమిదో తరగతి నోటుపుస్తకాల సంచి భుజానికెత్తుకుంది.

ఆ సాయంత్రం భర్తకు సంగతి చెప్పింది. ఆయన నిజంగానే సంతోషించాడు. "పోనీలే, ఒక బరువు దిగింది. ఇక నాలుక్కల్లా ఇంటికొస్తావు, అమ్మకి సాయంగా ఉంటుంది."

ఆమె చెప్పులు విడిచి పక్కకు జరిపింది. పెళ్లైన కొత్తల్లో మధ్యలో వదిలేసిన పీహెచ్‌డీకి మళ్లీ పేరు రాయించుకునే దరఖాస్తు బ్యాగులో ఉంది. యూనివర్సిటీ లైబ్రరీ ఏడింటిదాకా తెరిచే ఉంటుందని దార్లో కనుక్కునే వచ్చింది.

"రానండీ," అంది.