జంబేతా వదిన పప్పు బస్తా

గ్రీసులోని మీకొనోస్ ద్వీపంలో, రేవు వెనక సందులో మాకు ఆరు బల్లల భోజనశాల ఉండేది. మా ఆయన అక్క జంబేతా వండేది, నేను వడ్డించేదాన్ని. వచ్చినవాళ్ళు తిన్నగా వంటింట్లోకి నడిచి, గిన్నెల మూతలెత్తి చూసి, కావలసింది చూపించి వెళ్ళి కూర్చునేవాళ్ళు. ఏథెన్స్ సినిమా తారలైనా ఓడల యజమానులైనా అంతే. ద్వీపంలో ఎక్కడ తినాలో రాసే పత్రికలవాళ్ళు మా లాబ్‌స్టర్‌ని తెగ పొగిడేవారు.

వదిన భర్త సముద్రంలో పోయాడు. పిల్లల్లేరు. కొట్టుగదిలో ఎప్పుడూ ఒక బస్తా పసుపు బఠాణీ పప్పు ఉంచుకునేది. ఏటా కొత్త బస్తా తెచ్చి, పాతది పందులకు పోసేది. ఒక్క గింజ పొయ్యి మీదకు ఎక్కనిచ్చేది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ సైన్యం ద్వీపంలో ఉన్న ఆకలి చలికాలంలో, ఇంట్లో మిగిలిన పప్పును నీళ్ళలా కాచి తాగి బతికారట. ఆమె చెల్లెలు మోస్ఖో అదీ చాలక చనిపోయింది. మళ్ళీ అలాంటి రోజులొస్తే ఉండాలని ఆ బస్తా.

అరవై తొమ్మిది ఆగస్టులో వేసవిలో ఉత్తరం నుంచి కొట్టే మెల్తేమి గాలి ఆరు రోజులు ఆగకుండా వీచింది. ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవు నుంచి ఓడ రాలేదు. చేపల పడవ ఒక్కటీ కదల్లేదు. ఖరీదైన విహారనౌకలన్నీ రేవులో కట్టేసిన గేదెల్లా నిలబడిపోయాయి. ఐదోనాటికి మా వంటింట్లో ఎండురొట్టె, ఉల్లిపాయలు తప్ప ఏమీ మిగల్లేదు.

"వదినా, బస్తా విప్పుదాం" అన్నాను.

"నోర్ముయ్ అన్నేజా! అది అతిథికి పెట్టేది కాదు. ఆకలికి పెట్టేది."

"మనకిప్పుడు ఉన్నది ఆకలే కదా!"

ఆమె గోడవైపు తిరిగింది. నేనే బస్తా విప్పి పప్పు ఉడికించి, మెత్తగా మెదిపి, ఆలివ్ నూనె పోశాను. మేం దాన్ని ఫావా అంటాం.

అప్పుడే తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఖాళీ బుట్టతో లోపలికొచ్చాడు. ఓ విహారనౌకలో వంటవాడు, పేరు లినార్దోస్.

"అమ్మా, టమాటాలేమైనా ఉన్నాయా? మా దొరసాని ప్రాణం తీస్తోంది."

"ఈ ద్వీపంలో టమాటా ఉంటే ఈపాటికి దాన్ని ఊరేగించేవాళ్ళం నాయనా" అంది వదిన.

ఆయన అలవాటుగా మూతెత్తి చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు. బుట్ట కింద పెట్టి, అడక్కుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను పళ్ళెంలో పెట్టిచ్చాను. రెండు ముద్దలు తిని ఆగాడు.

"మాది పక్క ద్వీపం, సైరోస్" అన్నాడు. "ఆ చలికాలం నుంచి దీన్ని నోట పెట్టలేదు."

వదిన ఇటు తిరిగింది. "మీ ఇంట్లో ఎంతమంది?"

"ఐదుగురం. వసంతానికి ఇద్దరం."

"మాకు మోస్ఖో" అంది. "దానికి తొమ్మిదేళ్ళు."

ఆమె ఉల్లిపాయ తరిగి, ఆయన పళ్ళెంలో వేసి, ఎదుటి కుర్చీలో కూర్చుంది. బేరం వేళ ఆమె కూర్చోగా నేను చూడటం అదే మొదటిసారి. ఇద్దరూ ఏడవలేదు. ఆయన తిన్నాడు, ఆమె చూసింది. చివరికి ఆ పళ్ళెంలోంచే ఒక ముద్ద తీసుకుని తనూ తింది.

మిగిలినది ఆయన నౌకకు పట్టుకెళ్ళాడు. గాలి తగ్గాక దొరసాని స్వయంగా మా గుమ్మంలోకి వచ్చి, ఆ పసుపు పప్పు మళ్ళీ కావాలంది. "అయిపోయిందమ్మా" అంది వదిన, సగం బస్తా లోపల ఉండగానే.

తరువాత ప్రతి వేసవిలో నౌక రేవులో ఆగగానే లినార్దోస్ వంటింటి తలుపు దగ్గర కనిపించేవాడు. ఆ రోజు ముగ్గురం లోపలే కూర్చుని ఫావా తినేవాళ్ళం. బయట బల్లలవాళ్ళకు దాని వాసన తప్ప ఏమీ దక్కేది కాదు.

డెబ్భై నాలుగులో ఆయన నౌకను వదిలేసి రేకు పెట్టెతో దిగాడు.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తావ్?" అంది వదిన.

"నువ్వు గెంటేసినప్పుడు."

"గెంటడానికి నాకు తీరికెక్కడిది!"

యాత్రికులంతా వెళ్ళిపోయిన అక్టోబరులో పెళ్ళయింది. విందుకు మేకను కోయిద్దామన్నాను. "కోయించు. దాంతోపాటు ఫావా కూడా. సందులో అందరికీ" అంది వదిన. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె అప్పటికే బస్తా కుట్టు విప్పుతోంది.

పళ్ళేలు పెట్టగానే ఆ చలికాలం చూసిన ముసలివాళ్ళు కాసేపు చెయ్యి పెట్టలేదు. చివరికి చెప్పులు కుట్టే అపోస్తోలిస్ తాత, "ఏమే పెళ్ళికూతురా, ఉల్లిపాయేదీ?" అన్నాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. "మిగిలితే దాచు. రేపు తాలింపు వేస్తే దాన్నే పెళ్ళయిన పప్పు అంటారు!" అన్నాడు. మిగల్లేదు.

పందొమ్మిదేళ్ళు కలిసి వండారు. రుచి చూసే గరిటె కోసం రోజూ పోట్లాడుకునేవాళ్ళు. ఆయన పోయాక వదిన రెండేళ్ళుంది. భోజనశాల ఉన్నచోట ఇప్పుడు ఖరీదైన మద్యం పోస్తున్నారు, పాటలు గట్టిగా పెడుతున్నారు. చర్చికి ఆ సందులోంచే నడుస్తాను. వదిన మేకపోతును తోలినట్టు ఆయన్ను వంటింట్లోంచి తోలడం, ఆయన ఇంకో తలుపులోంచి మళ్ళీ రావడం తలచుకుని, ఒక్కోసారి నడిరోడ్డు మీద నవ్వుకుంటాను.