అత్తగారి తొట్టిలో కలవని పొర

అత్తగారి కంపోస్టు తొట్టిలో చెయ్యి పెట్టి ఎంత కెలికినా కోడలికి ఒక్క వానపామూ కనిపించలేదు.

కనిపించిందల్లా ప్లాస్టిక్ కాగితంలాంటి ఆ పల్చటి పొరలే. గింజల జిగురులో క్రిములను చంపే వెండి నానో కణాలు కలిపి ప్రయోగశాలలో తానే పోసి ఆరబెట్టినవి. పండ్లకు చుడితే కుళ్లు దరిచేరదు, పారేస్తే మట్టిలో కలిసిపోతాయి, ఇక ప్లాస్టిక్‌కు రోజులు చెల్లాయని ప్రయోగశాల నడిపే ప్రొఫెసరు ఊరంతా చాటాడు. మిగిలిన ముక్కలను ఆమె సంచీడు ఇంటికి తెచ్చింది. అత్తగారు వాటిని పండ్లకు చుట్టి మురిసిపోయి, ఆనక అన్నీ తన తొట్టిలో కప్పెట్టింది.

నెలలు గడిచినా పొరలు చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న తొక్కలు కూడా వేసినవి వేసినట్టే ఉన్నాయి. కుళ్లబెట్టే క్రిములనే చంపేస్తే ఇక కుళ్లేదెలా? ఇంత చదువు చదివి ఏం లాభం! మట్టి పరీక్షకు చాలాకాలం పడుతుందని, వెండి కలపకముందే వట్టి జిగురు పొరను పాతిపెట్టారు. అది చక్కగా కలిసిపోయింది. క్రిముల పరీక్ష మాత్రం వెండి కలిపాక చేశారు. రెండు ఫలితాలూ నిజమే, కాని అవి రెండు వేరు వేరు పొరలవి. కొత్తదాన్ని మళ్లీ పాతి చూడాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది, ఆమెతో సహా.

మర్నాడే ఈ పొరల తయారీ హక్కులు కొనడానికి ఫ్యాక్టరీవాళ్లు ప్రయోగశాలకు వస్తున్నారు. వాళ్లు సరేనంటే ఆమె ఉద్యోగం పర్మినెంటు. అయినా ప్రొఫెసరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇంట్లో తొట్టి కూడా ఒక పరీక్షేనా అమ్మా? రేపటికి నోరు మెదపకు. తర్వాత చూసుకుందాం."

"సరే సార్," అంది. అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో అత్తగారు వచ్చి తొట్టి పక్కన చతికిలబడింది. స్టవ్ ఆర్పడం మర్చిపోయిన దగ్గర్నుంచి కొడుకు ఆవిడను వంటగదిలోకి రానివ్వడం లేదు. ఆవిడకంటూ మిగిలింది ఈ తొట్టి ఒక్కటే.

"నా చేతి చలవ పోయిందే అమ్మాయ్. నీళ్లెక్కువ పోశానో, ఏం చేశానో, గుర్తుండి చావడం లేదు. నాకు మతి పోయిందని వాడన్నది నిజమే. ఇంక నాకే పనీ చెప్పకండి."

కోడలు ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు.

"మీరేం చెయ్యలేదత్తయ్యా. నా పొరలే వానపాములను చంపేశాయి."

"ఊరుకోవే. అవి మట్టిలో కలిసిపోతాయని మీ సారే చెప్పాడుగా."

"కలవవు."

ఆ మాట పైకి అన్నాక, రేపు ఇంకోలా చెప్పడం తన వల్ల కాదని ఆమెకు తెలిసిపోయింది. ఒంగి, పొరలను ఒక్కొక్కటే ఏరి మట్టితో సహా డబ్బాలో వేసుకోసాగింది, రేపు ఫ్యాక్టరీవాళ్ల ముందు పెట్టడానికి. అత్తగారు కూడా తొట్టిలో చెయ్యి పెట్టింది.

"మరి ఉద్యోగం?"

"ఏమో అత్తయ్యా."

"ఇదిగో, ఇక్కడింకోటుంది," అంది అత్తగారు.